అవతలి గట్టు మనం రాయకూడదు

నమోదు 1

మూడో పంపు జల్లెడలో మళ్ళీ ఎర్ర దుమ్ము చేరింది. కడిగి బిగిస్తుండగా త్రినాథ్ మాస్టారు పంపుల గదికి వచ్చారు. ఆయన మా చుక్కవలస బడిలో పాఠాలు చెబుతారు, ఈమధ్య పెద్దవాళ్ళకు ఆట కూడా నేర్పుతున్నారు. పంపుల వాళ్ళ తరఫున నా పేరు ఇచ్చారని చెప్పారు.

కొండకు అవతల ఎర్రబండ ఉంది. మా అమ్మమ్మ వయసులో ఉండగా రెండు ఊళ్ళకూ రాకపోకలుండేవట. తర్వాత మాటలు ఆగిపోయాయి, దారి పూడిపోయింది. ఇప్పుడు మా గాలి యంత్రాలు ముసలివైపోయాయి. వాళ్ళకేమో నీళ్ళు చాలవు. అందుకని రెండు వైపుల నుంచీ సొరంగం తవ్వుతున్నారు. మా చివరి గోడకు చెవి ఆనిస్తే వాళ్ళ డ్రిల్లు చప్పుడు వినిపిస్తుంది.

సొరంగం తలుపు తెరుచుకునేలోగా రెండు ఊళ్ళ జనం ఒకరికొకరు అలవాటు పడాలని పెద్దలు అనుకున్నారు. ఎదురెదురుగా కూర్చోబెడితే పాత కోపాలు ముందొస్తాయి కాబట్టి, ముందు వేషాలు వేసుకుని కలవమన్నారు. ఏటిపేట అని లేని ఊరొకటి. ఒక ఏరు, దానికి రెండు గట్లు. అక్కడ జరిగే కథను అందరం మా మా పలకల మీద వంతులవారీగా రాయాలి, ఒక్కొక్కరిది ఒక్కో వేషం. అసలు పేరు చెప్పక్కర్లేదు.

నేను పడవ నడిపే సరంగు వేషం అడిగాను. మాస్టారు నవ్వి, ఏరు ఎప్పుడైనా చూశావా అన్నారు. లేదన్నాను. ఆయనా చూడలేదట. ఈ గ్రహం మీద పుట్టినవాళ్ళం ఎవరం చూస్తాం?

చిన్నప్పటి నుంచీ నీళ్ళతోనే నా పని. గొట్టంలో నీళ్ళు తెలుసు, తొట్టిలో నీళ్ళు తెలుసు. తనంతట తాను దారి వెతుక్కుంటూ పోయే నీళ్ళు మాత్రం ఎలా ఉంటాయో తెలియదు. అందుకే ఆ వేషం అడిగాను.

నమోదు 2

మొదటి వంతు రాశాను. రాసినప్పుడు చాలా బాగుందనుకున్నాను.

"సరంగు సింహాద్రి పడవను గట్టుకు చేర్చాడు. కుండల ఎల్లవ్వ గంపతో పరుగున వచ్చి, నవ్వుతూ పడవెక్కి, నీలాంటి సరంగు ఈ ఏట్లో లేడు అంది."

కుండల ఎల్లవ్వ ఎర్రబండ వాళ్ళ వేషం. ఏటి అవతల కుమ్మరివాడలో ఉంటుంది. ఆ వేషం ఎవరిదో నాకు తెలియదు. జవాబు కథలో రాలేదు, పలక అంచున ఉండే పక్కమాటలో వచ్చింది. వేషం తీసి మామూలు మనుషుల్లా మాట్లాడుకోవడానికి పెట్టిన చోటు అది.

"నా నవ్వు నేనే రాసుకుంట. నువ్వు పడవ తే. ఎక్కుతనో ఎక్కనో నేను జెప్త."

నాకు చెవులు వేడెక్కాయి. మాస్టారి దగ్గరకు వెళ్ళి చూపించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పైకెత్తి, ఎలా ఉందని అడిగారు. బాలేదన్నాను. "అవతలివాళ్ళ వేషాన్ని నువ్వు కదిపితే వాళ్ళకూ ఇలాగే ఉంటుంది" అన్నారు. మన వేషం ఏం చేసిందో, ఏమందో, అంతవరకే మన వంతు. తగిలిందో లేదో, నచ్చిందో లేదో ఎదుటివాళ్ళు రాయాలి.

పక్కమాటలో తప్పయిందని రాసి, వంతు మార్చాను. పడవ గట్టున ఆగింది, అంతే. ఎల్లవ్వ వచ్చింది. నవ్వలేదు. పడవలో నీళ్ళు ఊరుతున్నాయని, తన కుండలు తడిస్తే ఎవరు జవాబుదారీ అని దులిపేసింది. నా పడవకు చిల్లి ఉన్న సంగతి నాకే తెలియదు. నేను రాసిన ఎల్లవ్వ కంటే ఈవిడ ఎంత బాగుంది!

నమోదు 3

సూర్యాస్తమయం మీద పెద్ద వంతు రాశాను. ఏటి మీద రంగులు, పక్షులు, సింహాద్రి మనసులోని దిగులు. ఎవరూ బదులు రాయలేదు. మర్నాడు ఎల్లవ్వ మనిషి పక్కమాటలో అడిగింది. "అంతా నువ్వే జెప్పినంక మేమేం జెయ్యాలె? పట్టుకోనీకి ఏదన్న ఇడువు."

దాని గురించి జల్లెడలు కడుగుతూ ఆలోచించాను. పని దిగాక ఒక తాడు ముక్క బకెట్లో నానబెట్టి ఎత్తి చూశాను. తడిసిన తాడు అంత బరువెక్కుతుందని ఊహించలేదు. విసిరితే అనుకున్న చోట పడలేదు. అదే రాశాను. సింహాద్రి గట్టు మీదికి తాడు విసిరాడు, తడి తాడు కావడంతో సగంలోనే నీళ్ళలో పడింది.

ఈసారి ముగ్గురు రాశారు. ఒకాయన మోకాలి లోతు దిగి తాడు అందుకున్నాడు. ఒకామె గట్టు మీద నుంచి సింహాద్రి చేతకానితనాన్ని ఎద్దేవా చేసింది. ఎల్లవ్వ తన గంప దించి తాడు పట్టింది. నేను ఓడిపోతేనే వాళ్ళకు పని దొరికింది. అది నాకు వింతగా ఉంది, ఇంకా వింతగానే ఉంది.

ఇంకో తప్పు కూడా చేశాను. సంతలో ఎవరో సింహాద్రి డబ్బుసంచీ కొట్టేయబోతున్నారని పక్కమాటలో ముందే చదివి, కథలో సింహాద్రి సంచీని నడుముకు కట్టుకున్నట్టు రాశాను. "నీకు దెలుసు. సింహాద్రికెట్ల దెలిసింది?" అని అడిగింది ఎల్లవ్వ మనిషి. సంచీ విప్పి పక్కన పెట్టాను. పోయింది. ఆ దొంగను వెతుక్కుంటూ సంతంతా తిరగడంలో ఒక వారం చాలా హాయిగా గడిచింది.

నమోదు 4

సొరంగం తవ్వే జట్టు నుంచి మా మేనమామ గవరయ్యను ఆటలోకి పంపారు. పనిలో ఆయనంత మనిషి లేడు. పొద్దున్నుంచీ రాయితో తలపడి వచ్చి, పలక ముందు కూర్చోమంటే చిరాకు. ఏటికి పైన కట్ట ఉంది, దానికి కాపలావాడి వేషం తీసుకున్నాడు.

ఎల్లవ్వ కుండల బేరం రెండు రోజులు సాగింది. మామ పలక పక్కన పడేసి, "ఓ కుండ అమ్మడానికి ఇంత సేపేటే గుంటా? కతన్నాక ఏటో ఒకటి అవ్వాల గదా" అన్నాడు.

బేరంలోనే అవుతోందని, ఎల్లవ్వ కూతురి సంగతి మధ్యలో ఎలా వచ్చిందో చూడమని చెప్పాను. ఆయన చూడలేదు. అలసిపోయి ఉన్నాడు.

నమోదు 5

ఎల్లవ్వ మనిషితో ఇప్పుడు రోజూ పక్కమాట నడుస్తోంది. ఎర్రబండలో గిన్నెలు మెత్తటి దుమ్ముతో తోమి, గుడ్డతో తుడుస్తారట. నీళ్ళు తాగడానికే. మా గదిలో పంపులు రోజంతా మోగుతాయని చెబితే ఎట్ల మోగుతయని అడిగింది. చప్పుడు పట్టి పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది. మళ్ళీ మళ్ళీ విన్నదట.

ఏరు గురించి ఇద్దరం తెగ వాదించుకున్నాం. ఏరు మధ్యలో వేగంగా పోతుందా, అంచుల్లోనా? గొట్టంలో అయితే మధ్యలోనే వేగం, గోడలు పట్టి ఆపుతాయి. ఏటికీ అంతే అయి ఉండాలన్నాను. "గట్లయితే నువ్వు గట్టు పొంటి ఎదురెక్కాలె, నడుమల దిగాలె" అంది. ఏరు చూడని మేమిద్దరం పడవ ఎలా నడపాలో అలా కనిపెట్టాం.

రెండు ఊళ్ళూ ఎందుకు విడిపోయాయో అడగాలని ఉంది. మా బడిలో గొట్టం పగిలిన ప్రమాదమని చెప్పారు. గొట్టం పగిలితే మాటలెందుకు ఆగిపోతాయి? మాస్టారు వద్దన్నారు. వేషం వెనకున్న మనిషిని తవ్వకూడదట. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు.

నమోదు 6

ఇవాళ భోజనాల వేళ పలక తెరిస్తే మామ వంతు కనిపించింది.

"కట్ట తెగింది. ఏరు మొత్తం అవతలి గట్టు మీద పడింది. కుమ్మరివాడ కొట్టుకుపోయింది. కింది వీధిలో ఒక్క ప్రాణి మిగలలేదు."

ఎవరినీ అడగలేదు. మామ ఎదురుగానే కూర్చుని అంబలి తాగుతున్నాడు, మొహంలో సంతోషం. "ఇప్పుడు కదిలినాది కత" అన్నాడు.

అంతమంది వేషాలను అడగకుండా ఎలా చంపుతావని అడిగాను. "కతే గదేటి. మళ్ళీ బతికించుకోమను" అన్నాడు.

ఎర్రబండ పేర్లు పలక మీద నుంచి ఒకటొకటిగా ఆరిపోయాయి. ముందు ఎల్లవ్వ, తర్వాత దొంగ, తర్వాత మోకాలి లోతు దిగి తాడు అందుకున్నాయన. నేను పక్కమాటలో పిలిచాను. ఎవరూ లేరు.

సాయంత్రం జట్టు తిరిగి వచ్చింది. అవతలి డ్రిల్లు ఆగిపోయిందని చెప్పారు. నేనూ వెళ్ళి గోడకు చెవి ఆనించాను. రాయి చల్లగా ఉంది. అంతే, ఇంకేమీ లేదు.

నమోదు 7

డ్రిల్లు ఇంకా మోగలేదు. మా పెద్దలు క్షమాపణ రాసి పంపారు. జవాబు లేదు. రెండో గాలి యంత్రం ఇవాళ రెండుసార్లు ఆగింది. బడి పిల్లలను గాలి అందే పై గదుల వరుసకు మార్చారు.

మధ్యాహ్నం పక్కమాటలో ఒక్క వాక్యం కనిపించింది. ఎల్లవ్వ మనిషి.

"మా కింది వీధి గట్లనే పోయింది. మా అమ్మ గా వీధిలనే ఉండె. మీ కట్ట కాపలాయన దెలిసి రాసిండా, దెలువక రాసిండా?"

తెలియక, అని వెంటనే రాశాను. రాశాక అది నేను చెప్పాల్సిన మాట కాదని తోచింది. ఆయన మనసులో ఏముందో ఆయనే చెప్పాలి. ఆ సంగతి కూడా రాసి, మామను వెతుక్కుంటూ వెళ్ళాను.

డ్రిల్లు పళ్ళు విప్పి శుభ్రం చేస్తున్నాడు. పలక చూపించాను. రెండుసార్లు చదివాడు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"గొట్టం పగిలిందనే గదే సెప్పినారు. మనుషులు పోనారని ఎవులూ సెప్పనేదు" అన్నాడు.

ఇద్దరం అప్పలనర్సమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆ రోజుల్లో పంపుల గదిలో పనిచేసినవాళ్ళలో బతికున్నది ఆవిడొక్కతే. మామ వదలకుండా కూర్చున్నాడు. చివరకు చెప్పింది. మంచు కరిగించే తొట్టి నిండి మా ఇళ్ళ మీద పడబోయిందట. ఎర్రబండ వైపు తూము ఎత్తితే నీళ్ళు అటు పోతాయి. అటు కింది వీధిలో జనం ఉన్నారని ఇక్కడివాళ్ళకు తెలుసట.

"కబురెట్టినారు, లేచిపొండని. జవాబొచ్చీదాకా ఆగనేదు. ఆగితే మనం పోదుమని తూమెత్తేసినారు" అంది. గోడ వైపు తిరిగి, "అటేపు నీళ్ళు ఎల్లాయి, ఎంటనే గడ్డకట్టేసినాయి" అంది.

మామ లేచి బయటకు వచ్చేశాడు. నేను ఆవిడకు దుప్పటి కప్పి వచ్చాను.

నమోదు 8

మామ ఆ వంతు చెరిపేస్తానన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. చదివినవాళ్ళు చదివేశారు, ఇప్పుడు చెరిపితే ఏమీ జరగలేదని రెండోసారి చెప్పినట్టవుతుంది అన్నారు. అయితే కాపలావాణ్ణి ఏట్లో దూకించి చంపేస్తానన్నాడు మామ.

"అప్పుడు ఆ చావుకు కూడా వాళ్ళే బదులు రాయాలి మావా" అన్నాను.

"మరేటి సెయ్యమంటావే?"

వాళ్ళనే అడగమన్నాను. అడిగి, ఆగమన్నాను.

ఆ సాయంత్రం మామ తన అసలు పేరుతో పక్కమాటలో రాశాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తుంటే నేను పక్కనే కూర్చున్నాను. కథ కదలడం లేదనే తోచి రాశాననీ, మీ కింది వీధి సంగతి అప్పటికి తెలియదనీ, ఇప్పుడు అప్పలనర్సమ్మ చెప్పగా తెలిసిందనీ రాశాడు. ఆవిడ చెప్పినదంతా దాచకుండా రాశాడు. నా వంతు ఉంచాలో తీసేయాలో మీరు చెప్పండి అని ముగించాడు.

నేను కథలో సింహాద్రిని పడవతో ఏటి మధ్యకు పంపాను. అవతలి గట్టు మీద ఎవరైనా ఉన్నారా, ఇళ్ళు మిగిలాయా, ఒక్క మాట రాయలేదు. అది నాది కాదు. సింహాద్రికి పొగమంచు తప్ప ఏమీ కనిపించడం లేదు. "పడవ ఉంది" అని కేక వేశాడు. వంతు అక్కడ ఆపేశాను.

పని దిగిన ప్రతిసారీ ఒక వంతు రాస్తున్నాను. ఒకసారి తెడ్డు మార్చాడు. ఒకసారి నీళ్ళు తోడిపోశాడు. ప్రతిసారీ చివర ఒకటే కేక. మావాళ్ళలో కొందరికి ఇది పిచ్చిలా కనిపిస్తోంది. నాకేమో ఆ పొగమంచు అవతల ఏముందో తెలుసుకోవాలని ఉంది. నేను రాస్తే తెలిసేది కాదది.

నమోదు 9

ఎర్రబండ పేర్లు వెలిగాయి. నేను పంపు గొట్టం బిగిస్తూ ఉండగా పక్కనున్నవాళ్ళు పిలిచారు.

ముందు పక్కమాటలో ఎల్లవ్వ మనిషి రాసింది. "తీసెయ్యకుండ్రి. నీళ్ళయితె వచ్చినయ్. గని ఎవలు పోయిన్రో, ఎవలు ఉన్నరో మేం జెప్తం."

తర్వాత కథలో ఒకరి వెంట ఒకరు రాయడం మొదలుపెట్టారు. దొంగ వేషం మనిషి తన దొంగను ఇంటి కప్పు మీదికి ఎక్కించాడు. కిందనున్న ఒక ముసలాయనకు చెయ్యి అందించబోతే అందలేదని రాసి, ఆ ముసలాయన పేరు పోచయ్య అని రాశాడు. ఏటిపేటలో పోచయ్య అనే వేషం ఎప్పుడూ లేదు. ఇంకొకరు లసుమక్క అనే పేరు రాశారు. పాలిచ్చే పిల్లతో ఉందట. ఇంకో పేరు. ఇంకో పేరు. ఎవరూ ఎక్కువ రాయలేదు. ప్రతి మనిషీ ఆ సమయానికి ఏం చేస్తున్నారో ఒక్క మాట, అంతే.

మా భోజనశాలలో అందరూ పలకలు ముందు పెట్టుకుని నిలబడే చదివారు. అప్పలనర్సమ్మను ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. చూపు ఆనదు కాబట్టి మాస్టారు ఆవిడకు ఆ పేర్లన్నీ చదివి వినిపించారు.

చివరగా ఎల్లవ్వ. సాయవ్వ అనే ఆవిడ కొడుకును పై మెట్టు మీద నిలబెట్టి, బియ్యం డబ్బా కోసం మళ్ళీ లోపలికి వెళ్ళిందని రాసింది. ఆ తర్వాత వాక్యంలో ఎల్లవ్వ గట్టు మీద నిలబడి ఉంది. చేతిలో గంప లేదు. "ఓ పడవాయనా" అని పిలిచింది.

సింహాద్రి తెడ్డు వేశాడని రాశాను. గట్టు చేరాడని రాశాను. ఏం మాట్లాడాడని రాయను? పడవ కదలకుండా పట్టుకున్నాడని రాశాను.

ఎల్లవ్వ ఎక్కింది. కట్ట దగ్గరకు పోనీయమంది.

ఇప్పుడు మామ వంతు. ఆయన వైపు ఎవరమూ చూడలేదు. చాలాసేపటికి కాపలావాడి మాటలు వచ్చాయి.

"కట్ట తెగలేదు. నేనే తూము ఎత్తాను. మా గట్టు మునిగిపోతుందని ఎత్తాను. మీకు కేక వేశాను. మీ జవాబు వినకుండానే ఎత్తాను."

ఎల్లవ్వ ఏడ్చిందని గానీ, క్షమించిందని గానీ రాయలేదు. చుట్టూ ఉన్నవాళ్ళతో ఇలా అంది.

"కొత్త బట్టీ కట్టాలె. మట్టి మొయ్యనీకి మనుషులు గావాలె. ఆయనను గూడ రమ్మనుండ్రి."

మామ పలక బోర్లా పెట్టి, మొహం తుడుచుకున్నాడు. తర్వాత మళ్ళీ తిప్పి, కాపలావాడు తట్ట అందుకున్నాడని రాశాడు.

నమోదు 10

డ్రిల్లు మోగుతోంది. బడి పిల్లలు వంతులు వేసుకుని గోడకు చెవి ఆనిస్తున్నారు.

నమోదు 11

తలుపు తెరుచుకుంది. రెండు ఊళ్ళ గాలి ఒత్తిడీ సమానమయ్యేదాకా అటూ ఇటూ అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అవతలి గాలి ఇటు రాగానే ఏదో కొత్త వాసన వచ్చింది, వేయించిన జొన్నల వాసనట.

ఎల్లవ్వ కోసం ముసలావిడ ఎవరా అని వెతుకుతున్నాను. మామ ఈడు మగమనిషి ఒకాయన, భుజాలు వంగినాయన, నా ముందుకొచ్చి ఆగాడు. "సింహాద్రి నువ్వేనా?" అన్నాడు. ఎల్లవ్వ ఈయనే, పేరు రాజేశమట. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నన్ను ఆడపిల్ల అనుకోలేదట, గడ్డం ఉన్న మనిషిననుకున్నాడట.

మామను చూపించాను. మామ నోరు తెరవబోయి, ఆగాడు. రాజేశమే ముందు మాట్లాడాడు. ఆ తూము ఎక్కడుందో చూపిస్తావా అని అడిగాడు. ఇద్దరూ తూము ఉన్న కింది గదుల వరుసకు వెళ్ళారు. నేను వెంట వెళ్ళలేదు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగను కూడా. తిరిగి వచ్చేటప్పుడు రాజేశం చేతిసంచీ మా మామ భుజాన ఉంది.

భోజనాలయ్యాక నేనూ రాజేశమూ ఒక బల్ల మీద కూర్చున్నాం. ఇన్నాళ్ళూ అంతంత వాదించుకున్నవాళ్ళం, ఇప్పుడు కొత్తవాళ్ళలా మాట్లాడుకున్నాం. ప్రయాణం ఎలా జరిగిందని అడిగాను. మంచిగనే అయిందన్నాడు. జొన్నలు బాగున్నాయన్నాను. అవునన్నాడు. ఆయన నా చెప్పులు చూస్తున్నాడు, నేను ఆయన వేళ్ళు చూస్తున్నాను. చుట్టూ మిగతావాళ్ళదీ అదే అవస్థ.

కొంతసేపటికి ఆయన సంచీలోంచి పలక తీశాడు. నేనూ తీశాను. పక్కపక్కనే కూర్చుని తెరిచాం. ఎల్లవ్వ తడి మట్టి గట్టు మీద నిలబడి పైకి చూస్తోంది. ఈసారి ఇల్లు ఎత్తు మీద కట్టుకోవాలట, కానీ ఏటికి దూరం పోవడం ఇష్టం లేదట. సరంగును అడిగింది, నీళ్ళు ఎంతవరకు ఎక్కుతాయో నీకు తెలుస్తుంది గదా, ఎక్కడ కట్టమంటావని.

నా వంతు వచ్చింది. సింహాద్రి చుట్టూ చూశాడు. ఏం చెబుతాడో నాకూ ఇంకా తెలియదు. రెండు మాటలు రాసి కొట్టేశాను.

పక్కన రాజేశం మెడ సాచి నా పలకలోకి తొంగి చూస్తున్నాడు. పలక అటు తిప్పేసుకున్నాను.

"ఏమాయె?" అన్నాడు.

"ఆగండి" అన్నాను. "ఇంకా రాయలేదు."